పెటోస్కీ రాయి: పేరు ఎవరిది, రాయి ఎవరిది?

డెట్రాయిట్ చుట్టుపక్కల, అంటే నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ వైపు మనవాళ్ళ ఇళ్ళకి వెళ్తే చాలాచోట్ల షోకేసులో ఒక రాయి కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మల పక్కనో, పిల్లల కరాటే ట్రోఫీల పక్కనో ఉంటుంది. బూడిదరంగులో, నున్నగా, గుప్పిట్లో పట్టేంత. దాని మీద తేనెపట్టులాంటి గళ్ళు, ఒక్కో గడి మధ్యలో ఒక నల్లటి చుక్క, ఆ చుక్క చుట్టూ సన్నటి గీతలు. "ఏంటండీ ఇది?" అని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి: "పెటోస్కీ స్టోన్ అండీ, ఇక్కడి స్టేట్ స్టోన్". రెండోది కాస్త ఉత్సాహం ఉన్నవాళ్ళది: "పెటోస్కీ అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో సూర్యకిరణాలట. చూడండి, ఆ గీతలు అచ్చం పొద్దుపొడుపులా లేవూ? అందుకే ఆ పేరు."

రెండో జవాబు వినడానికి చాలా బావుంటుంది. ఇందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఆ పేరుకి అర్థం నిజమే, గీతలు కిరణాల్లా ఉండటమూ నిజమే. పేచీ అంతా "అందుకే" అన్న ఒక్క మాట దగ్గర. ఆ మాటని పట్టుకుని వెనక్కి వెళ్తే రాయి కథ కాస్తా మనుషుల కథ అవుతుంది. ఆ మనుషుల సంగతి రాద్దామనే ఇదంతా. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి :)

ముందు రాయి సంగతి చూద్దాం.

పొడిగా ఉన్నప్పుడు ఈ రాయిలో ఏ విశేషమూ ఉండదు. ఒడ్డున పడున్న వేల సున్నపురాళ్ళలో ఇదీ ఒకటి. నీళ్ళు తగిలితేనే గళ్ళు బయటపడతాయి. అందుకే దీన్ని వెతికేవాళ్ళు మిషిగన్ సరస్సు అంచున నడుం వంచుకుని నడుస్తూంటారు. కొందరు చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, అనుమానం వచ్చిన ప్రతి రాయి మీదా నాలుగు చుక్కలు పోసి చూస్తారు. చలికాలపు మంచుగడ్డలు కరుగుతూ కొత్త రాళ్ళని ఒడ్డుకి తోసే వసంతకాలం దీనికి మంచి సీజను. వేసవి టూరిస్టులు దిగకముందే వెళ్ళాలి మరి.

ఆ గళ్ళు ఎవరో చెక్కినవి కావు. ఒక్కో గడీ ఒక్కో జీవి కట్టుకున్న ఇల్లు. సుమారు 38 కోట్ల ఏళ్ళ కిందట, శాస్త్రవేత్తలు డెవోనియన్ అని పిలిచే కాలంలో, ఇవాళ మిషిగన్ ఉన్న నేల భూమధ్యరేఖకి దగ్గర్లో, వెచ్చటి లోతులేని సముద్రం కింద ఉండేది. ఆ సముద్రంలో హెక్సాగొనేరియా అనే పగడపు జీవులు గుంపులుగా, గోడకి గోడ ఆనించి ఇళ్ళు కట్టుకుని బతికాయి. అలా ఇరుక్కుని పెరగడం వల్ల గదులు గుండ్రంగా కాకుండా ఆరు మూలలకి అటూ ఇటూగా తయారయ్యాయి. మధ్యలో కనిపించే నల్లచుక్క ఆ జీవి నోరు ఉండే చోటు. అది చచ్చాక ఆ గుంటలో బురద పేరుకుపోయి నల్లబడింది. చుట్టూ ఉన్న గీతల్ని చాలామంది ఆ జీవి చేతులని చెప్తారు గానీ, అంత మెత్తటి చేతులు రాయిగా మిగలవు. అవి గదిని లోపల్నించి నిలబెట్టిన సన్నటి సున్నపు పలకలు. మన పాత మిద్దె ఇళ్ళలో దూలాల్లాంటివన్నమాట.

ఈ జాతి పగడాలు ఇప్పుడు లేవు. ఇవి రుగోసా అనే పెద్ద వర్గానికి చెందినవి. ఆ వర్గం మొత్తం సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందటి మహా వినాశనంలో తుడిచిపెట్టుకుపోయింది. ఇవాళ లక్షదీవుల్లోనూ అండమాన్లోనూ కనిపించే పగడపు దిబ్బలు కట్టినవి వేరే వంశం. అంటే షోకేసులోని రాయికి వారసులు లేరు.

ఈ డెవోనియన్ పగడాల గురించి నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకోటుంది. 1963లో జాన్ వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ కాలపు కొన్ని పగడపు శిలాజాల పైపొర మీద సన్నటి గీతలు లెక్కపెట్టాడు. పగడం రోజుకో సన్నటి పొర వేస్తూ పెరుగుతుంది, ఏడాదికోసారి ఆ పెరుగుదలలో ఎచ్చుతగ్గులు కనిపిస్తాయి. ఒక ఏడాది పొడుగులో ఎన్ని సన్నగీతలున్నాయా అని చూస్తే 365 రాలేదు, 400కి అటూ ఇటూగా వచ్చాయి. అంటే అప్పట్లో ఏడాదికి దాదాపు 400 రోజులు! భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కాలం మారలేదు కాబట్టి, ఏడాదిలోని గంటల్ని 400తో భాగిస్తే రోజుకి 22 గంటల లోపే వస్తుంది. చంద్రుడి ఆకర్షణ వల్ల లేచే ఆటుపోట్లు భూమి తిరిగే వేగాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తున్నాయని ఖగోళ శాస్త్రవేత్తలు అంతకుముందే లెక్కకట్టి చెప్పారు. ఆ లెక్కకి సాక్ష్యం పగడం దగ్గర దొరికింది. 38 కోట్ల ఏళ్ళు ఎవరూ డిలీట్ చెయ్యని లాగ్ ఫైల్ అది. మనం మూడు నెలలకే లాగ్స్ తీసేస్తాం.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. పగడమంటే ఎర్రగా ఉంటుంది కదా, ఉంగరంలో పెట్టుకునేది, కుజదోషానికి జ్యోతిష్కుడు చెప్పేది, మంగళసూత్రాల పక్కన గుచ్చేది, మరి ఇదేంటి బూడిదరంగులో? ఆ పగడం కూడా సముద్రజీవి కట్టుకున్నదే, కానీ అది వేరే జాతి. మనం తరతరాలుగా వాడుతున్న ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చిందే. మన తీరాల్లో అది పెరగదు. రోమన్లు మన ముత్యాలంటే ఎంత పడిచస్తారో, భారతీయులు పగడాలంటే అంత పడిచస్తారని ఒకటో శతాబ్దంలోనే ప్లినీ రాశాడు. ఎర్రపగడాన్ని సముద్రంలోంచి తీసి నేరుగా చెక్కుతారు. పెటోస్కీ రాయి అలా కాదు, అది శిలాజం. జీవి ఎప్పుడో పోయింది, దాని ఇల్లు సున్నపురాయిలో కలిసిపోయింది, ఆకారం ఒక్కటే మిగిలింది. అది గట్టి రాయి కూడా కాదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే పదిమెట్ల కొలబద్ద మీద వజ్రం 10 అయితే ఇది 3. ఉంగరంలో పెట్టుకుంటే గిన్నెలు తోమేటప్పుడే గీతలు పడిపోతుంది. లాకెట్టుకి పర్లేదు.

శిలాజాలకి కథలు అల్లడం ఏ ఒక్క దేశం అలవాటో కాదు. మన పూజగదిలోని సాలగ్రామం గండకీ నది దగ్గర దొరికే అమ్మొనైటు అనే సముద్రజీవి శిలాజం. దాని చుట్టల్లో మనకి విష్ణుచక్రం కనిపించింది. యూరపులో పాత రత్నశాస్త్ర పుస్తకాలు నక్షత్రాల్లాంటి గుర్తులున్న కొన్ని రాళ్ళని "ఆస్ట్రోయిటిస్" అని పిలిచేవి. వాటిలో పగడపు శిలాజాలూ ఉండేవి. దాన్ని వెనిగర్లో వేస్తే ప్రాణం ఉన్నట్టు కదులుతుందని చెప్పుకునేవారు. మాయేం లేదు, సున్నపురాయి మీద పులుపు పడితే గాలిబుడగలు లేస్తాయి, బుడగలు రాయిని కదుపుతాయి. మీ ఇంట్లో పెటోస్కీ ఉంటే మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి, నునుపంతా పోతుంది.

పెటోస్కీ రాయికి ఇలాంటి మహిమలు ఈమధ్య అంటించారు. మూడో కన్ను తెరుస్తుందని, మనసుకి శాంతినిస్తుందని చెప్పి అమ్మేవాళ్ళున్నారు. వాటి జోలికి నేను పోను. దాని అసలు జానపద కథ పేరుకి సంబంధించినది. అది ఇలా నడుస్తుంది.

మిషిగన్ ఉత్తరభాగంలో లిటిల్ ట్రావర్స్ అనే అఖాతం ఒడ్డున ఒడావా అనే తెగ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఓజిబ్వే, పొటావటోమీ తెగలతో కలిసి వీళ్ళది ఒకే పెద్ద కుటుంబం. పేరుపొందిన వర్తకులు. కథ ప్రకారం, ఆంత్వాన్ కారే అనే ఫ్రెంచి తోళ్ళ వ్యాపారి ఒడావాల అమ్మాయిని పెళ్ళి చేసుకుని, వాళ్ళలో ఒకడైపోయి, నాయకుడు కూడా అయ్యాడు. 1787 వసంతంలో, చలికాలం షికాగో ప్రాంతంలో గడిపి కుటుంబంతో ఇంటికి తిరిగొస్తూ, దారిలో కలమజూ నది ఒడ్డున రాత్రికి మకాం వేశారు. ఆ రాత్రి కొడుకు పుట్టాడు. తెల్లవారి తొలికిరణం బిడ్డ మొహం మీద పడింది. "వీడి పేరు పెటోసెగే. గొప్పవాడౌతాడు" అన్నాడు తండ్రి. ఆ మాటకి "వెలుగు ఇటు వస్తోంది" అని అర్థం చెప్పుకోవచ్చు. ఉదయకిరణాలని, పొద్దుపొడుపని రకరకాలుగా ఇంగ్లీషులోకి మార్చారు.

ఆ బిడ్డ పెద్దవాడై, తండ్రిలాగే వర్తకం చేసి, అఖాతం ఒడ్డున బేర్ రివర్ కలిసే చోట చాలా భూమి సంపాదించాడు. 1873లో అక్కడ ఊరు మొదలైనప్పుడు ఆయన పేరే పెట్టారు. పెటోసెగే అన్నది తెల్లవాళ్ళ నోట్లో పడి పెటోస్కీ అయింది. ఆయన 1885లో పోయాడు.

ఇప్పుడు "అందుకే" సంగతికొద్దాం. కిరణాల పేరు మనిషిది. మనిషి పేరు ఊరికి పెట్టారు. ఊరి పేరు రాయికి వచ్చింది. రాయికి ఆ పేరెందుకొచ్చిందంటే, టూరిస్టులకి అది జ్ఞాపికగా దొరికేది ఆ ఊళ్ళో కాబట్టి. గీతల్ని చూసి ఎవరూ పేరు పెట్టలేదు. మూడు చేతులు మారిన పేరు చివరికి తన అర్థానికి సరిగ్గా అతికే వస్తువు మీద వచ్చి పడింది. ఉత్త కాకతాళీయం. అతికింది కాబట్టి, మొదటినుంచీ అందుకే పెట్టారని జనం అనుకున్నారు. పాత కోడ్ లో ఏదో వేరియబుల్ పేరు చూసి, దాని వెనక ఓ గొప్ప డిజైనుందని డాక్యుమెంట్ రాసేస్తాం చూడండి, అలాంటిదే ఇదీ.

నమ్మకం కుదరకపోతే అయోవా రాష్ట్రం చూడండి. అక్కడ కూడా అదే డెవోనియన్ సముద్రపు సున్నపురాయి, అందులో అదే హెక్సాగొనేరియా కుటుంబపు పగడాలు. 1860ల్లో లూయీ అగాసీ అనే పేరుమోసిన ప్రకృతి శాస్త్రవేత్త వాటిని చూసి మాట్లాడాక జనానికి ఆసక్తి పెరిగి, ఊరికి కోరల్విల్ అని పేరు పెట్టుకున్నారు. పగడాలపల్లె అన్నమాట. 1993 వరదల్లో అక్కడి ఆనకట్ట మీంచి నీళ్ళు పొంగి మట్టి కొట్టుకుపోతే, ఆ సముద్రపు అడుగు బయటపడింది. ఇప్పుడది చూడటానికి జనం వెళ్తారు. ఒకచోట రాయి వల్ల ఊరికి పేరొచ్చింది, ఇంకోచోట ఊరి వల్ల రాయికి పేరొచ్చింది.

రాయికి సంతపేరు రావడం మనకి కొత్తేం కాదు. గోల్కొండ వజ్రాలంటాం, గోల్కొండలో వజ్రపు గని ఎక్కడుంది? వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరులాంటి చోట్ల. అమ్మింది గోల్కొండలో. పేరు సంతకి దక్కింది. పదిహేడో శతాబ్దంలో కొల్లూరు గని చూసిన టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి, అక్కడ ఆడా మగా పిల్లా కలిసి 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ అంకె ఎంత కచ్చితమో గానీ, ఆ జనంలో ఒక్కరి పేరూ మనకి తెలీదు. ఆ వజ్రాలు పెట్టుకున్న రాజుల పేర్లు, రాణుల పేర్లు వరసగా చెప్పగలం. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. గోల్కొండ పేరుతో అమెరికాలోనే ఇల్లినాయిలో ఒక ఊరు, నెవాడాలో ఒక ఊరు ఉన్నాయి.

పెటోస్కీ విషయంలో మాత్రం పేరు దక్కింది సంతకి కాదు, ఆ నేలవాడికే కదా, మరి మంచిదేగా అనిపిస్తుంది. అక్కడే అసలు కథ మొదలవుతుంది.

1836లో వాషింగ్టన్లో ఒక ఒప్పందం జరిగింది. ఒడావాలు, ఓజిబ్వేలు సుమారు కోటీ 40 లక్షల ఎకరాలు అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. ఇవాళ్టి మిషిగన్ నేలలో మూడోవంతు పైమాటే. మరుసటేడు, 1837 జనవరిలో మిషిగన్ రాష్ట్రమైంది. సంతకాలు పెట్టినప్పుడు తమకి కొన్ని ప్రాంతాలు శాశ్వతంగా మిగులుతాయని ఒడావాలు అనుకున్నారు. తర్వాత సెనేట్ ఆ కాగితం దిద్ది అయిదేళ్ళని గడువు పెట్టింది. ఆదివాసులందర్నీ మిసిసిపీ నది అవతలికి తరిమే చట్టం 1830లోనే వచ్చి ఉంది. కాబట్టి వాళ్ళ నెత్తిమీద ఎప్పుడూ ఆ కత్తి వేలాడుతూనే ఉండేది. కొందరు ఒడావాలు సొంత డబ్బుతో, తమ పూర్వీకుల నేలనే ప్రభుత్వం దగ్గర ఎకరాల లెక్కన కొనుక్కున్నారు. పట్టా ఉంటే వెళ్ళగొట్టరని ఆశ.

1855లో డెట్రాయిట్లో ఇంకో ఒప్పందం. ఈసారి కుటుంబానికి 80 ఎకరాలు, పెళ్ళికాని పెద్దవాళ్ళకి 40 ఎకరాల చొప్పున పంచుతామన్నారు. కాగితం మీద బాగానే ఉంది. పంపకం ఏళ్ళ తరబడి సాగింది, పట్టాలు ఆలస్యమయ్యాయి, జాబితాల్లో పేర్లు తప్పాయి. పట్టా చేతికొచ్చినవాళ్ళలో చాలామంది పన్నుల కిందా, మోసపు అమ్మకాల కిందా భూమి పోగొట్టుకున్నారు. ఇంగ్లీషు కాగితం చదవలేనివాడి చేత వేలిముద్ర వేయించుకోవడం ఎలాగో మన ఏజెన్సీ ప్రాంతాల సంగతి తెలిసినవాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. 1873లో రైలు వచ్చింది. రైలుతో భూమి రేట్లు, రేట్లతో కొనేవాళ్ళు, వాళ్ళ వెనకే హోటళ్ళు. పెటోస్కీ అన్న పేరు బోర్డుకెక్కింది సరిగ్గా ఆ ఏడాదే.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. నేల చేతులు మారుతున్న రోజుల్లోనే ఆ నేలవాడి పేరు ఊరికి పెట్టారు. పేరు పెట్టినవాళ్ళు దురుద్దేశంతో పెట్టారని నేననను. గౌరవంతోనే పెట్టి ఉంటారు. పేరివ్వడానికి ఖర్చు ఉండదు. భూమి ఇవ్వడానికి ఉంటుంది.

ఇదంతా బయటివాళ్ళు తర్వాతెప్పుడో తవ్వి తీసిన చరిత్ర కాదు. అఖాతం అవతలి ఒడ్డున హార్బర్ స్ప్రింగ్స్ లో ఉండిన ఆండ్రూ బ్లాక్‌బర్డ్ అనే ఒడావా పెద్దమనిషి 1887లోనే తమ వాళ్ళ చరిత్రని ఇంగ్లీషులో పుస్తకంగా రాశాడు. ఆయన ఆ ఊరి పోస్టుమాస్టరుగా కూడా చేశాడు. తన జాతి కథ తనే చెప్పుకున్న ఆ పుస్తకం గురించి గిఫ్టు షాపు కథల్లో ఎవరూ చెప్పరు. 1900 అక్టోబరు 15న పెటోస్కీకి ఈశాన్యంగా కొన్ని మైళ్ళలో బర్ట్ లేక్ ఒడ్డున ఉన్న ఇంకో ఆదివాసుల పల్లెని, పన్ను బకాయిల పేరు చెప్పి భూమి కొన్న ఆసామీ, షెరీఫు మనుషులు కలిసి కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఇళ్ళు కాలిపోయాయి, జనం చలికాలం ముందు రోడ్డున పడ్డారు.

ఇక 1965. మిషిగన్ శాసనసభ పెటోస్కీ రాయిని రాష్ట్రపు అధికారిక రాయిగా ప్రకటించింది. గవర్నరు జార్జ్ రామ్నీ సంతకం పెట్టాడు. ఆ సంతకం జరిగేటప్పుడు పక్కన ఒక పెద్దావిడ ఉంది. పెటోసెగే మనవలు మనవరాళ్ళలో అప్పటికి బతికున్నది ఆవిడొక్కతే. ఆవిడ ఆ రోజు ఏమనుకుందో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది. తాత పేరు రాష్ట్రపు రాయికి ఎక్కింది. అదే తాత కాలంలో కోటీ 40 లక్షల ఎకరాలు పోయాయి.

ఇక్కడ చిన్న తమాషా ఒకటుంది. పెటోస్కీ పగడపు శిలాజం, కానీ రాష్ట్రపు అధికారిక శిలాజం అది కాదు, ఆ హోదా మాస్టొడాన్ అనే అంతరించిన ఏనుగుజాతి జంతువుది. నగలో పొదుగుతారు, కానీ రాష్ట్ర రత్నం అది కాదు, ఆ హోదా 1972లో క్లోరాస్ట్రొలైటు అనే పచ్చరాయికి ఇచ్చారు. కాబట్టి పెటోస్కీ చట్టప్రకారం ఉత్త "రాయి". మనవాళ్ళ డేటాబేసుల్లో ఇలాంటి కేటగిరీలు చూసిన అలవాటే కాబట్టి మీకు ఆశ్చర్యం కలగకపోవచ్చు.

చట్టం ఈ రాయిని బాగానే కాపాడుతుంది. రాష్ట్రప్రభుత్వ స్థలాల్లో, సరస్సు అడుగునా ఒక మనిషి ఏడాదికి 25 పౌన్లకి మించి రాళ్ళు తీసుకోకూడదు. మన లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. స్లీపింగ్ బేర్ లాంటి జాతీయ ఉద్యానాల్లో అయితే ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకూడదు. 2015లో ఒకాయన మిషిగన్ సరస్సులోంచి 93 పౌన్ల పెటోస్కీ రాయిని బయటికి తీశాడు. వార్తలకెక్కింది. అధికారులొచ్చి, ఇది ప్రభుత్వ ఆస్తి అని చెప్పి పట్టుకుపోయారు. ఇప్పుడు డెట్రాయిట్లో రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవాళ్ళ కేంద్రంలో జనం చూడటానికి పెట్టారు.

ఈ నియమం మంచిదే. లేకపోతే లారీలేసుకొచ్చి ఒడ్డు ఖాళీ చేసేవాళ్ళు మనుషులు. కానీ రాయికి ఇంత లెక్క ఉన్నచోట, భూమి లెక్క ఏమైందో కూడా అడగాలి కదా? ఒడావాలు అడిగారు. వాళ్ళ లిటిల్ ట్రావర్స్ బే తెగని 1994లో అమెరికా కాంగ్రెసు మళ్ళీ అధికారికంగా గుర్తించింది. అంతకుముందు దశాబ్దాలపాటు ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు తెగగానే లేరు. తర్వాత, 1855 ఒప్పందం తమకి ఒక రిజర్వేషన్ ప్రాంతాన్ని ఇచ్చిందని, అది ఇప్పటికీ చెల్లుతుందని కోర్టుకెళ్ళారు. 2021లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ ఒప్పందం కుటుంబాలకి స్థలాలు పంచింది గానీ రిజర్వేషన్ సృష్టించలేదని తేల్చింది. తీర్పులో న్యాయసూక్ష్మాలు నాకంటే లాయర్లకి బాగా తెలుసు. నాకు అర్థమైంది ఒక్కటే. పేరు ఊరిమీద ఉంది, రాయిమీద ఉంది, రాష్ట్ర చట్టంలో ఉంది, భూమి మీద మాత్రం నిలబడలేదు.

ఇంత చదివాక "అయితే ఆ రాయి షోకేసులోంచి తీసెయ్యమంటావా?" అని అడుగుతారేమో. ససేమిరా అనను. నాకు ఆ రాయి ఇష్టం. దాని ఆకర్షణంతా డబ్బుతో సంబంధం లేకపోవడంలో ఉంది. కేరట్ల లెక్క లేదు, సర్టిఫికెట్ లేదు, బంగారం కొట్టువాడి భూతద్దం అక్కర్లేదు. ఓపిక ఉంటే ఎవరికైనా దొరుకుతుంది. మెత్తటి రాయి కాబట్టి యంత్రం కూడా అక్కర్లేదు. 220 నంబరు గరుకు కాగితంతో నీళ్ళలో తడుపుతూ రుద్ది, తర్వాత 400, తర్వాత 600, చివర్న మఖ్మల్ గుడ్డ మీద పాలిష్ పొడితో రుద్దితే చాలు, అద్దంలా వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెయ్యదగ్గ పని. 38 కోట్ల ఏళ్ళ నాటి గదులు మీ వేళ్ళ కింద ఒక్కొక్కటే తేలడం చూస్తే, రోజంతా స్క్రీన్ చూసే మనలాంటివాళ్ళకి కలిగే సంతోషం వేరు.

నేను చెప్పేదల్లా, కథ చెప్పేటప్పుడు సగంలో ఆపకండి అని. సూర్యకిరణాల దగ్గర ఆపితే అది గిఫ్టు షాపు కథ. మనకి పేర్ల సంగతి బాగానే తెలుసు. రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి చేసి నోటికి అలవాటు చేసుకున్న తెల్లవాళ్ళని చూశాం, 2015లో అధికారికంగా పాత పేరు వెనక్కి తెచ్చుకున్నాం. ఆఫీసులో మన వెంకట సుబ్రహ్మణ్యాలు "వెన్" అయిపోతుంటే నవ్వుకుంటాం. అయినా మన ఊరు మనకుంది. పేరు విరిగినా నేల మిగిలితే పేరు ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుంటుంది. ఒడావాలకి జరిగింది దీనికి తిరగేసింది.

ఈసారి ఇండియా వెళ్తూ సూట్కేసులో చాక్లెట్లతోబాటు పెటోస్కీ రాయి పెట్టుకుంటే, పెద్దమ్మకో, మేనల్లుడికో ఇచ్చేటప్పుడు ఇంకో రెండు ముక్కలు చెప్పండి. ఇది పగడం, మన ఎర్రపగడానికి దూరపు చుట్టం, వంశం ఎప్పుడో అంతరించింది. దీని పేరు ఒక మనిషిది, పుట్టినప్పుడు మొహం మీద ఎండ పడిందని పెట్టిన పేరు, ఆయన మనుషులు ఇంకా అక్కడే, అదే సరస్సు ఒడ్డున ఉన్నారు, తమ నేల గురించి ఇంకా అడుగుతున్నారు. మేనల్లుడు కాస్త చురుకైనవాడైతే "మరి వాళ్ళకి తిరిగిచ్చేశారా?" అని అడుగుతాడు. లేదు అని చెప్పండి.